ఎలక్షన్ల యేటి బతుకమ్మ

మా ఊళ్ళో సర్పంచ్ ఎవరన్నది పోలింగ్ రోజున తేలేది కాదు. బతుకమ్మ మొదలయ్యే పెత్రమాస అమావాస్యకూ కార్తీక పున్నానికీ మధ్య తేలేది. ప్రభుత్వం ఎన్నికలు ఎండాకాలంలో పెట్టనీ, సంక్రాంతి దాటాక పెట్టనీ, దానికి ముందు వచ్చిన బతుకమ్మ నాటికే సగం లెక్కలు తెగిపోయేవి. ఇందులో రహస్యమేమీ లేదు. ఆ రోజుల్లో జనానికి కాస్త తీరిక దొరికేది, అంతే.

మాది కరీంనగర్ వైపు, మానేరు వాగుకు కొంచెం ఎడంగా ఉండే చిన్న ఊరు. ఆశ్వయుజం వచ్చేసరికి నాట్లూ కలుపులూ ఎప్పుడో అయిపోయి వరి పొట్టకొచ్చి ఉంటుంది. కోతలకు ఇంకా టైముంటుంది. మక్కలు విరిచి వాకిట్లో కుప్ప పోస్తే ఇంటిల్లిపాదీ దాని చుట్టూ కూచుని పొట్టు ఒలిచేవాళ్ళు. పత్తి అక్కడక్కడ పగిలి తెల్లగా కనిపించేది గానీ కూలీలను పిలిచి ఏరించేంత కాదు. చెరువు నిండితే మత్తడి దగ్గర చేపల కోసం పిల్లలమంతా అక్కడే. నిండకపోతే తూము ఎవడు ఎత్తాడు, కాలువకు ఎవడు గండి కొట్టాడు అని పెద్దవాళ్ళ పంచాయితీ. ఏదైనా సరే, మాట తిరిగి తిరిగి సర్పంచ్ దగ్గరికే వచ్చి ఆగేది.

ఇక సీతాఫలాలు. గుట్ట మీది నుంచి గంపల కొద్దీ తెచ్చి గడ్డిలో మాగబెట్టేవాళ్ళం. సాయంత్రం చల్లబడగానే మా అరుగు మీద ఒక గంప పెట్టడమే ఆలస్యం, వాడకట్టు మగవాళ్ళంతా చేరిపోయేవాళ్ళు. మా పెద్దబాపుకు ఒక అలవాటు. తిన్న పండ్ల గింజలు పారేయడు. నల్లగా నిగనిగలాడే ఆ గింజలను అరుగు బండ మీద వరసగా పేర్చి ఓట్లు లెక్కపెట్టేవాడు. గింజకో ఇల్లు. ఇది గొల్లవాడ, ఇది సాలెవాడ, ఇది గౌండ్లవాడ, అదిగో అక్కడ దూరంగా ఉన్నది దళితవాడ. ఇటు పాత సర్పంచ్ కుప్ప, అటు రైసుమిల్లాయన కుప్ప. ఎవరో ఒకరు వచ్చి "ఏందన్నా, ఆ ఇల్లు ఇటెందుకున్నది? మొన్న పొలం గెట్టు కాడ కొట్లాడుకున్నరు గద" అంటే, పెద్దబాపు కాసేపు ఆలోచించి ఒక గింజను వేలితో ఇటు నుంచి అటు జరిపేవాడు. ఆ వేలు ఆగిన చోట అందరి చూపూ ఆగేది. ఇవాళ టీవీల్లో ఎగ్జిట్ పోల్స్ చూస్తుంటే నాకు ఆ వేలే గుర్తొస్తుంది. పెద్దబాపు లెక్క వాటికంటే ఎక్కువసార్లు నిజమైందని మా ఇంట్లో గట్టి నమ్మకం.

ఆ లెక్క మీద నోరెత్తిన మనిషి మా అవ్వ ఒక్కతే. "గింజకొక ఇల్లంటవేందిరా? ఇంట్ల ఎన్ని ఓట్లుంటే అన్ని గింజలు పెట్టు. మీరు చెప్పినోడికే మేం గుద్దుతమని ఎవడు చెప్పిండు నీకు?" అనేది లోపలి నుంచే. మగవాళ్ళు నవ్వేసి ఊరుకునేవాళ్ళు. అవ్వ నవ్వేది కాదు.

ఆడవాళ్ళ రాజకీయం అరుగు మీద కాదు, బతుకమ్మ దగ్గర నడిచేది. తొమ్మిది రోజుల్లో ఆరో రోజు అలిగిన బతుకమ్మ. ఆ రోజు పేర్చరు, ఆడరు. పూల పని లేదు, వంట హడావిడి లేదు. పొద్దుగూకేసరికి నలుగురు ఒక వాకిట్లో చేరేవాళ్ళు. నేను అవ్వ వెనకాలే తిరిగే వయసులో ఉన్నాను కాబట్టి ఆ మాటలన్నీ చెవిన పడ్డాయి. మగవాళ్ళు ఎవరు గెలుస్తారని మాట్లాడుకుంటే, వీళ్ళు ఏది కావాలని మాట్లాడుకునేవాళ్ళు. బోరింగు చెడిపోయి ఎన్ని రోజులైంది, రేషన్ కిరోసిన్ ఎవరి ఇంటికి పోతోంది, మోరీ నీళ్ళు ఎవరి గడప ముందు నిలుస్తున్నాయి. అన్నిటికంటే పెద్దది చెరువు బాట.

ఊరి నుంచి చెరువు కట్టకు పోయే ఆ బాట గురించి కొంచెం చెప్పాలి. దూరం ఎక్కువేం కాదు. కానీ రెండు వైపులా సర్కారు తుమ్మ పొదలు, మధ్యలో బండ్ల చక్రాలు కోసిన గుంతలు, వానాకాలమంతా బురద. లైటు లేదు. చివరి రోజైన సద్దుల బతుకమ్మ నాడు రాత్రి పూట తంగేడూ గునుగూ బంతీ పేర్చిన బతుకమ్మలను నెత్తిన పెట్టుకుని, పట్టు చీరలు ఎత్తి పట్టుకుని, పిల్లల చేతులు పట్టుకుని ఊరి ఆడవాళ్ళంతా ఆ బాటనే నడవాలి. లాంతర్లు, ఒకటీ అరా బ్యాటరీ లైట్లు, అవే దిక్కు. పెద్ద బతుకమ్మ ఎత్తుకున్న మనిషికి కాలి కింద ఏముందో కనపడదు. "మెల్లగ, మెల్లగ, గుంత ఉన్నది" అని ముందు నడిచేవాళ్ళు వెనక్కి అరుస్తూ పోయేవాళ్ళు. ఉయ్యాల పాటల కంటే ఆ అరుపే నాకు ఎక్కువ గుర్తు.

1994లో వచ్చిన బతుకమ్మ మాత్రం వేరు. 1988లో గెలిచినవాళ్ళ ఐదేళ్ళూ అయిపోయి, పంచాయతీ ఎన్నికలు ఇవాళ రేపు అంటున్న రోజులు. పైగా అసెంబ్లీ ఎన్నికలు కూడా ముందున్నాయి. సద్దులకు రెండు రోజుల ముందు పొద్దున్నే చూస్తే చెరువు బాటలో వెదురు బొంగులు పాతి, వాటికి ట్యూబ్‌లైట్లు కట్టి ఉన్నాయి. రైసుమిల్లాయన తన మిల్లు నుంచి వైరు లాగించాడట. ఆ మధ్యాహ్నానికే పాత సర్పంచ్ మనుషులు గొడ్డళ్ళతో దిగి తుమ్మలన్నీ కొట్టేశారు. మర్నాడు ట్రాక్టర్ మొరం వచ్చింది. ఆ మొరం పోసింది సర్పంచ్ డబ్బులతోనా పంచాయతీ డబ్బులతోనా అని అరుగు మీద రాత్రంతా వాదన.

ఆ యేడు మా అమ్మ, చిన్నమ్మలు, మేనత్త అందరూ తల ఎత్తుకుని నడిచారు. వోల్టేజీ లేక లైట్లు కొట్టుకుంటున్నాయి, అయినా ఏదో పెళ్ళి ఊరేగింపులా ఉంది. చెరువు దగ్గర సత్తుపిండి, మలీద పంచుకునేటప్పుడు ఒకామె "ఇగ ప్రతి యేడు ఎలక్షన్లు రావాలె" అంది. అందరూ ఒకటే నవ్వు. తెల్లారి చూస్తే బొంగులు లేవు, లైట్లు లేవు, వైరు చుట్టేసి తీసుకుపోయారు. అవ్వ కట్ట మీద నిలబడి చూసి, "పెట్టినోడిది కాదు ముచ్చట. పీకకుంట ఉంచినోడు ఎవడన్న ఉంటే చెప్పుండ్రి" అని ఇంటికొచ్చేసింది.

అసలు తమాషా తర్వాతి యేడు జరిగింది. 73వ రాజ్యాంగ సవరణ, 1994 పంచాయతీ రాజ్ చట్టం అనే పెద్ద పెద్ద మాటలు మా అరుగు దాకా రాలేదు గానీ, వాటి ఫలితం మాత్రం నేరుగా వచ్చి పడింది. 1995 ఎన్నికల్లో మూడో వంతు సీట్లు ఆడవాళ్ళకు. మా ఊరు ఆ మూడో వంతులో పడింది. పెద్దబాపు పేర్చిన గింజలన్నీ ఒక్క దెబ్బకు చెల్లాచెదురు. పాత సర్పంచూ, మిల్లాయనా ఇద్దరూ తమ భార్యలతో నామినేషన్ వేయించారు. ఆ ఆడవాళ్ళిద్దరూ అప్పటి దాకా ఆఫీసు గడప తొక్కనివాళ్ళు. కానీ ఆ చెరువు బాటలో బతుకమ్మ ఎత్తుకుని నడిచినవాళ్ళు.

అవ్వకు చదువు రాదు. పాత కాలెండర్ కాగితాన్ని బ్యాలెట్ సైజులో చింపి మడత పెట్టడం ప్రాక్టీస్ చేసింది. అడ్డంగా మడిస్తే తడి సిరా అవతలి గుర్తు మీద అంటుకుని ఓటు చెల్లకుండా పోతుందని ఎవరో చెప్పారట. నిలువు మడత, మళ్ళీ నిలువు మడత, ఆ తర్వాతే అడ్డం. అన్నం తినేటప్పుడు కూడా పక్కన ఆ కాగితం ఉండేది. ఎవరికి వేశావని మేం ఎంత అడిగినా చెప్పలేదు. చనిపోయేదాకా చెప్పలేదు.

మిల్లాయన భార్య గెలిచింది. గెలిచాక కుర్చీలో కూచున్నది మాత్రం ఆయనే. ఊళ్ళో "సర్పంచ్ సాబ్" అంటే ఆయన. సంతకాలకు రిజిస్టర్ ఇంటికి పోయేది. ఇది మా ఊరి కథే కాదు, అప్పట్లో ఏ ఊరికి పోయినా ఇదే, ఇప్పటికీ చాలాచోట్ల ఇదే. నాకు ఆ మాట తలుచుకుంటే చికాకే. అయితే ఒక్క విషయంలో ఆమె గట్టిగా నిలబడిందని చెప్పుకుంటారు. చెరువు బాటకు స్తంభాలు వేసేదాకా ఏ కాగితం మీదా సంతకం పెట్టనని ఇంట్లో కూచుందట. నిజమెంతో తెలియదు గానీ, మరుసటి బతుకమ్మకు మూడు సిమెంటు స్తంభాలు లేచాయి. వాటికి బల్బులు. ఇక ఆ బల్బులది ఇంకో పురాణం. ఎండాకాలంలో మాడిపోయేవి. మార్చాల్సింది పంచాయతీయా కరెంటోళ్ళా అన్నది ఎన్నటికీ తేలేది కాదు. చివరికి పంచాయతీ గుమాస్తా, మా కారోబారే, పెత్రమాస ముందు రోజు నిచ్చెన వేసుకుని ఎక్కేవాడు. అతను ఎక్కుతున్నాడంటే పండగ వచ్చినట్టే లెక్క మాకు.

ఎలక్షన్ రోజుల ముచ్చట్లు చెప్పాలంటే చాలా ఉన్నాయి. పంచాయతీ ఎన్నికల్లో పార్టీ గుర్తులుండవు. ఉంగరం, కత్తెర, బంతి లాంటివే. ఈ మధ్య ఎన్నికల్లో అభ్యర్థుల పేర్లను అక్షరక్రమంలో పెట్టి వరసగా గుర్తులిస్తున్నారు. మొదటి పేరుకు ఉంగరం. ఉంగరం అంటే శుభమని ఒక నమ్మకం, అందుకే 'అ'తో పేరున్నవాళ్ళను వెతికి నిలబెట్టినవాళ్ళు కూడా ఉన్నారు. ఇద్దరు పిల్లల నిబంధన ఇంకో తలనొప్పిగా ఉండేది. 1995 తర్వాత మూడో బిడ్డ పుట్టినవాళ్ళు పోటీకి పనికొచ్చేవాళ్ళు కాదు. మా ఊళ్ళో ఒకాయన సర్పంచ్ కావాలని పదేళ్ళు కలగని, మగపిల్లాడు కావాలని ఇంకో కలగని, రెండో కల నెరవేర్చుకుని మొదటిది పోగొట్టుకున్నాడు. "ఈడు నా సీటు తిన్నడు" అని ఆ కొడుకును ముద్దు చేస్తూనే తిట్టేవాడు. 2025లో తెలంగాణలో ఆ నిబంధన ఎత్తేశారు. ఆ కొడుక్కి ఇప్పుడు పెళ్ళీడు.

పోలింగ్ ముందు రాత్రి ఊరికి బొంబాయి నుంచీ భివండీ నుంచీ మగ్గాల పనికి పోయినవాళ్ళు వచ్చేవాళ్ళు. బస్సు చార్జీలు ఎవరు పెట్టుకున్నారన్నది అందరికీ తెలుసు, ఎవరూ అడగరు. దుబాయ్‌లో ఉన్నవాళ్ళు ఫోన్ చేసి అమ్మకు చెప్పేవాళ్ళు ఎవరికి వేయాలో. అమ్మలు "సరే బిడ్డా" అనేవాళ్ళు. వేసేది వాళ్ళకు నచ్చినవాళ్ళకు. పొద్దున ఏడింటికి మొదలై ఒంటిగంటకు పోలింగ్ అయిపోతుంది. రెండు నుంచి అక్కడే, ఆ బడిలోనే లెక్కింపు. గులాబీ కాగితాలు సర్పంచ్‌వి, తెల్లవి వార్డు మెంబర్లవి. బడి గోడ బయట నిలబడి లోపలి నుంచి వచ్చే కేకలను బట్టి ఎవరు ముందున్నారో పోల్చుకోవడంలో ఉండే టెన్షన్ ఏ క్రికెట్ మ్యాచ్‌లోనూ లేదు. పెద్ద ఎన్నికల్లో లక్షల ఓట్లలో మన ఓటు ఎటు పోయిందో కనపడదు. ఇక్కడ అయిదారు ఓట్లతో గెలిచినవాడు, ఓడినవాడు ఇద్దరూ మర్నాడు పొద్దున మన బజారులోనే ఎదురవుతారు. పలకరించాలా వద్దా అని ఆలోచించాలి. ఓటంటే ఏమిటో నాకు అక్కడ తెలిసింది, సివిక్స్ పుస్తకంలో కాదు.

పైగా దసరా ఒకటుండేది మధ్యలో. ఎంత కొట్లాట ఉన్నా జమ్మి ఆకు పట్టుకుని ఎదురొస్తే "బంగారం" అని చేతిలో పెట్టి అలాయ్ బలాయ్ తీసుకోవాల్సిందే. పాత సర్పంచూ, మిల్లాయనా జమ్మి చెట్టు దగ్గర ఒకరినొకరు తప్పించుకుంటూ తిరుగుతుంటే ఊరి కుర్రాళ్ళు కావాలనే ఇద్దరినీ ఒకచోటికి తోసేవాళ్ళు. ఆలింగనం చేసుకునేవాళ్ళు, మొహాలు మాత్రం చెరోవైపు.

నేను ఉద్యోగానికి హైదరాబాద్ వచ్చి చాలా కాలమైంది. ఓటు మాత్రం ఊళ్ళోనే ఉంచుకున్నాను. ఇక్కడ మా అపార్ట్‌మెంట్ ఉన్న డివిజన్ కార్పొరేటర్ ఎవరో అడిగితే రెండు నిమిషాలు ఆలోచించాలి. ఊళ్ళో అయితే ఏ వార్డులో ఎవరు మెంబరో, వాళ్ళ తాత ఎవరి పక్షమో నిద్రలో లేపినా చెబుతాను. ఇది గొప్ప కాదు. నగరంలో మోరీ పొంగితే యాప్‌లో ఫోటో పెడతాం, ఎవరో వస్తారు, లేదా రారు. ఊళ్ళో అయితే ఆ మోరీ తీయించాల్సిన మనిషి మన పాలవాడో, మన క్లాస్‌మేటో అయి ఉంటాడు. మొహం మీద అడగొచ్చు, అడిగించుకోవచ్చు.

2018 దసరా మళ్ళీ ఆ పాత రోజులను గుర్తు చేసింది. సెప్టెంబర్‌లో అసెంబ్లీ రద్దయింది, డిసెంబర్ 7న పోలింగ్. అదయ్యీ అవ్వగానే 2019 జనవరిలో పంచాయతీలు. కొత్త చట్టంతో 500 జనాభా దాటిన తండాలు కూడా పంచాయతీలయ్యాయి. మా పక్క తండా అప్పటిదాకా మా ఊరితోనే ఉండేది. వాళ్ళ ఓట్లు విడిపోగానే మా ఊరి లెక్కలు మళ్ళీ తారుమారు. పెద్దబాపు అప్పటికి మంచంలో ఉన్నాడు. పక్కన కూచుని చెబుతుంటే, "తండోళ్ళు పోయినంక గౌండ్లవాడ ఎటుంటే అటే" అన్నాడు. అట్లాగే అయింది.

మొన్నటి 2025 సంగతి చెప్పి ఆపేస్తాను. 2024 ఫిబ్రవరి నుంచి సర్పంచులు లేరు, ప్రత్యేకాధికారుల పాలన. ఊరికి ఒక అధికారి పేరు ఉండేది గానీ, ఆయన మొహం చూసినవాళ్ళు తక్కువ. సరిగ్గా సద్దుల బతుకమ్మ హడావిడిలో, సెప్టెంబర్ 29న, స్థానిక ఎన్నికల షెడ్యూల్ ప్రకటించారు. మా బాబాయి కొడుకు ఎప్పటినుంచో ఆశ పెట్టుకున్నాడు. రిజర్వేషన్ కూడా కలిసొచ్చింది. ఇక వాడి ఉత్సాహం చూడాలి. ఆ యేడు దసరా అక్టోబర్ 2, అంటే గాంధీ జయంతి. మాంసం దుకాణాలు, మందు దుకాణాలు బంద్. దసరా నాడు ముక్క లేకపోవడమేమిటని ఊరంతా గొణుగుతుంటే, మావాడు ముందు రోజే పొట్టేలు కొని కోయించి ఇంటింటికీ పంపాడు. వాట్సాప్ గ్రూపులో దండాల బొమ్మలే బొమ్మలు.

వారం తిరిగేసరికి, అక్టోబర్ 9న, బీసీలకు 42 శాతం రిజర్వేషన్ జీవో మీద హైకోర్టు స్టే ఇచ్చింది. ఎన్నికలు ఆగాయి. మావాడి మొహం చూడలేకపోయాం. నవంబర్‌లో మళ్ళీ షెడ్యూల్ వచ్చేసరికి రిజర్వేషన్లన్నీ మారిపోయాయి. ఈసారి మా ఊరు మహిళకు. 1995లో జరిగిందే మళ్ళీ. వాడు భార్యతో నామినేషన్ వేయించాడు.

మా మరదలు టైలరింగ్ చేస్తుంది. ఆమెకు వచ్చిన గుర్తు కత్తెర. ఇంకేం, దేవుడే ఇచ్చాడని ఊరంతా ఒకటే ప్రచారం. తేడా ఏమిటంటే, ఈమె మా వాడి వెనకాల నిలబడలేదు. వాడిని ఇంట్లో ఉండమని చెప్పి, జాకెట్లు కుట్టించుకునే ఇళ్ళన్నిటికీ తనే తిరిగింది. వాడు అరుగు మీద కూచుని ఫోన్‌లో లిస్టు పెట్టుకుని లెక్కలు వేస్తుంటే, "ఇంటికొకటి లెక్కేస్తే ఎట్లా, మనిషికొకటి లెక్కెయ్యి" అందట. నాకు ఫోన్‌లో వాడే చెప్పాడు. మా అవ్వను ఆమె చూడనైనా లేదు.

డిసెంబర్‌లో పోలింగ్‌కు నేనూ వెళ్ళాను. మరదలు గెలవలేదు, చాలా తక్కువ తేడాతో పోయింది. గెలిచినామె మంచి మనిషే, డిగ్రీ చదివింది, కుర్చీలో తనే కూచుంటోంది. ఉపసర్పంచ్ ఎన్నిక ఆ సాయంత్రమే. చెక్కుల మీద ఆ సంతకం కూడా కావాలి కదా, అందుకని అసలు కొట్లాటంతా దానికే జరిగింది. వార్డు మెంబర్లలో ఇద్దరు ఫోన్లు స్విచాఫ్ చేసుకుని ఎక్కడికో పోయారు. వాళ్ళను వెతకడానికి రెండు వర్గాలూ ఒకే ఆటో మాట్లాడుకున్నాయి.

నాలుగు వారాలకు మావాడు ఫోన్ చేశాడు. ఎన్నికల ఖర్చు లెక్క ఆఫీసులో ఇవ్వాలట, 45 రోజులు గడువు, ఇవ్వకపోతే ఇంకోసారి పోటీకి నిలబడనివ్వరు. చిన్న ఊరు కాబట్టి పరిమితి లక్షన్నర.

"అన్నా, దసరా పొట్టేలు కూడా రాయాల్నా?"

"నామినేషన్ వేసినప్పటి నుంచే కదరా లెక్క. దసరాది దాంట్లోకి రాదు."

వాడు కాసేపు ఏమీ మాట్లాడలేదు. "అయితే నా ఖర్చు పదిహేడు వేలే అన్నా" అన్నాడు. వెనకాల మరదలు పకపకా నవ్వడం వినిపించింది.